ఎండ్ పాయింట్ దాటిపోయిన పాఠం

నేను డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఇల్లు ఎచ్చెర్లలో. క్లాసులో నిలబడి పాఠం చెప్పడం వచ్చినవాడికి ఏ పాఠమైనా తయారుచేయడం వచ్చినట్టేనని చాలాకాలం నమ్మాను. 2020లో కాలేజీలు మూతపడి, పాఠాలన్నీ ఫోన్లలోకి ఎక్కాల్సి వచ్చినప్పుడు ఆ నమ్మకం సడలింది. కెమెరా ముందు కూర్చుంటే ఎదుట ముఖాలు లేవు. ఎవరికి అర్థమైందో, ఎవరు మధ్యలో లేచిపోయారో తెలియదు. పాఠం కూర్చడానికి కూడా ఒక శాస్త్రం ఉందని, దాన్ని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారని అప్పుడు తెలిసి ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో చేసిన తెలివితక్కువ పనులు ఇక్కడ రాస్తున్నాను. వాటి నష్టం నాతో ఆగలేదు. నా పాఠం చూసిన పిల్లలకు, నా మాట నమ్మిన తోటి టీచర్లకు కూడా తగిలింది.

మాది చదువుల మండలం. 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం మా ఊళ్లోనే ఉంది. అంతకుముందు అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం ఉండేది. పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివించాలనే ఆలోచనతో పుట్టిన ట్రిపుల్ ఐటీల్లో శ్రీకాకుళం క్యాంపస్ మా మండలంలోని ఎస్.ఎం.పురంలోనే నడుస్తోంది. అడిగితే చెప్పగలిగినవాళ్లు ఇంత దగ్గరలో ఉన్నా ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఇప్పుడు వెళ్లి పాఠం ఎలా చెప్పాలని అడగడమా అనే అహం అడ్డొచ్చింది. అదే మొదటి తప్పు.

మొదట దొరికింది ‘యాడీ’ పద్ధతి. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అని అయిదు దశలు. 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ తయారుచేసింది. తర్వాత రాబర్ట్ గాన్యే చెప్పిన తొమ్మిది బోధన ఘట్టాలు, బ్లూమ్ ఆరు స్థాయిలు, డిక్, కేరీల నమూనా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అన్నీ నోట్‌బుక్‌లో రంగు పెన్నులతో ఎక్కించాను. ఏ దశలో ఏముంటుందో అడిగితే గడగడా చెప్పేవాణ్ని. అయిదు దశల్లో మొదటిది విశ్లేషణ, అంటే ముందు నేర్చుకునేవాణ్ని చూడమని. ఆ ముక్క రాసుకున్నాను గానీ పాటించలేదు. మా పిల్లలు నాకు తెలియనివాళ్లా అనుకున్నాను.

అంతటితో ఊరుకోకుండా ఒక సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టాను. నెల జీతంలో సగం దాటింది. మా ఆవిడ “ఫ్రీగా దొరకవేటండీ ఇవి?” అని అడిగితే, డబ్బు పెట్టినదాని విలువ వేరే అని చెప్పాను. ఆ కోర్సులో ఉన్నవి నేను అప్పటికే రాసుకున్న నమూనాల పేర్లు, కొన్ని సాఫ్ట్‌వేర్ల మీద చూపుడు పాఠాలు. కోర్సు మొత్తంలో ఒక్కసారి కూడా నన్ను ఒక పాఠం తయారుచేయమని అడగలేదు, చేసినదాన్ని ఎవరూ చూడలేదు, ఇక్కడ బాగాలేదని చెప్పలేదు. పాఠం కూర్చడం నేర్పే కోర్సు పాఠం కూర్చమని అడగకపోవడం వింతగా ఉందని నాకు అప్పుడు తట్టలేదు. సర్టిఫికెట్ ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టుకున్నాను.

అప్పుడు తయారుచేశాను టైట్రేషన్ వీడియో. మోర్ సాల్ట్ ద్రావణాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో అంచనా వేసే ప్రయోగం. డిగ్రీ లాబ్‌లో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ చేసేదే. పిపెట్‌తో ఇరవై మిల్లీలీటర్ల మోర్ సాల్ట్ ద్రావణం కోనికల్ ఫ్లాస్క్‌లోకి తీసుకుని, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, బ్యూరెట్ నుంచి ఊదారంగు పర్మాంగనేట్‌ను చుక్కచుక్కగా వదలాలి. ఫ్లాస్క్ తిప్పుతుంటే పడిన చుక్క పడినట్టే రంగు పోతుంది. ఒక దశలో ఒక చుక్క పడ్డాక లేత గులాబీ ఛాయ వచ్చి, అర నిమిషమైనా పోకుండా నిలుస్తుంది. అదే ఎండ్ పాయింట్. తెల్ల కాగితం కింద పెట్టుకుని చూస్తే తప్ప కంటికి సరిగా ఆనదు, అంత లేత రంగు. ఆ చుక్క దాటితే లెక్క తప్పు.

ట్రయల్‌గా దొరికిన సాఫ్ట్‌వేర్‌తో యానిమేషన్ చేశాను. బ్యూరెట్ తిరుగుతుంది, చుక్క పడుతుంది, వెనక సంగీతం వస్తుంది. స్లయిడ్ మీద రాసిన వాక్యాలనే నేను అక్షరం పొల్లుపోకుండా పైకి చదివాను. వీడియో నలభై నిమిషాలకు దగ్గరగా వచ్చింది. ఇక రంగు దగ్గర, లేత గులాబీ పెడితే చిన్న ఫోన్‌లో కనబడడం లేదని ముదురు గులాబీ పెట్టాను. నిండుగా, అందంగా వచ్చింది. తోటి లెక్చరర్లు చూసి మెచ్చుకున్నారు. పిల్లలు కూడా బాగుందన్నారు. బాగుందన్నది ఒకటి, వచ్చిందన్నది ఒకటి. ఆ రెండింటి మధ్య దూరాన్ని నేను కొలవలేదు.

కాలేజీ తెరిచాక లాబ్‌లో ఆ ప్రయోగం పెట్టాను. లావేరు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఫ్లాస్క్ ఎత్తి చూపించింది. ద్రావణం ముదురు గులాబీ దాటి ఊదాకు దగ్గరైంది. “అమ్మా, ఎండ్ పాయింట్ దాటిపోయింది కదా” అన్నాను. ఆ పిల్ల భయపడలేదు. “మీ వీడియోలో రంగు ఇలాగే ఉంది కదండీ సారూ. అందాకే పోసీసాను” అంది. పక్క బల్ల వైపు చూశాను. అక్కడా అదే రంగు. వరుసంతా అదే రంగు. రీడింగులు ఒక మిల్లీలీటరుకు పైగా ఎక్కువ వచ్చాయి. పిల్లలు తప్పు చేయలేదు. నేను చూపించినది చూపించినట్టు చేశారు.

అది చిన్న సంగతి అనుకోవడానికి లేదు. మా పిల్లల్లో చాలామంది డిగ్రీ అవగానే పైడిభీమవరం ఫార్మా కంపెనీలకు వెళతారు. అక్కడ క్వాలిటీ కంట్రోల్ లాబ్‌లో ఉద్యోగం దొరికితే ఇల్లు నిలబడుతుంది. టైట్రేషన్ రీడింగు ఆ ఉద్యోగంలో రోజువారీ పని. కన్ను ఏ రంగు దగ్గర ఆగాలో నేర్పాల్సిన చోట నేను తప్పు రంగు నేర్పాను.

ఆ రోజు నుంచి వెతకడం మారింది. అంతకుముందు “మంచి ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ నమూనాలు” అని వెతికేవాణ్ని. ఇప్పుడు నా చేతిలో ఒక చెడిన పాఠం ఉంది, దాన్ని బాగుచేయాలి. అలా వెతికితే అవే పేర్లు వేరే రకంగా అర్థమయ్యాయి. రాబర్ట్ మేగర్ 1962 నాటి తన చిన్న పుస్తకంలో లక్ష్యం ఎలా రాయాలో చెప్పాడు. నేర్చుకున్నవాడు ఏం చేసి చూపాలి, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత బాగా చేస్తే సరిపోతుంది, ఈ మూడూ అందులో ఉండాలంటాడు. నా వీడియో మొదటి స్లయిడ్ మీద రాసిన లక్ష్యం “విద్యార్థులు టైట్రేషన్‌ను అవగాహన చేసుకుంటారు” అని. అవగాహన అయిందో లేదో చూసేదెలా? మేగర్ చెప్పినట్టు తిరిగి రాశాను. “బ్యూరెట్, పిపెట్, తెల్ల కాగితం ఇస్తే, ఎవరి సాయం లేకుండా మోర్ సాల్ట్ టైట్రేషన్ చేసి, అర నిమిషం నిలిచే లేత గులాబీ దగ్గర ఆపి, వరుసగా రెండు రీడింగుల మధ్య తేడా 0.1 మిల్లీలీటరు దాటకుండా తేవాలి.” ఈ వాక్యం ముందే రాసి ఉంటే ముదురు గులాబీ పెట్టడానికి నా చెయ్యి వచ్చేది కాదు. ఏం చూపించాలో వాక్యమే చెబుతోంది.

డేవిడ్ మెరిల్ 2002లో రాసిన వ్యాసం మరొకటి నేర్పింది. ఎన్నో బోధన సిద్ధాంతాలను ముందేసుకుని, వాటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో ఆయన వెతికాడు. అసలైన పని చుట్టూ పాఠం నడవాలి, తెలిసినదాన్ని గుర్తుచేయాలి, చేసి చూపించాలి, నేర్చుకునేవాడి చేత చేయించాలి, దాన్ని వాడి జీవితంలోకి తీసుకెళ్లాలి అంటాడు. చేసి చూపించడమంటే సరైనదాన్ని ఒక్కటే చూపించి ఊరుకోకూడదు. ఎండ్ పాయింట్‌కు ముందు ఫ్లాస్క్, ఎండ్ పాయింట్ దగ్గర ఫ్లాస్క్, దాటిపోయిన ఫ్లాస్క్ మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప కన్ను తేడా పట్టదు. ఇన్నేళ్ల సర్వీసులో లాబ్‌లో నేనెప్పుడూ మూడు ఫ్లాస్కులు పక్కపక్కన పెట్టలేదు.

స్లయిడ్ మీదున్నదాన్నే పైకి చదవడం గురించి రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చేసి చూపాడు. బొమ్మ, గొంతు ఉన్నచోట అదే మాటలు తెర మీద కూడా పెడితే నేర్చుకోవడం తగ్గుతుందని, అవసరంలేని సంగీతం, అలంకారం కూడా చెరుపే చేస్తాయని ఆయన చెప్పాడు. నా వీడియోలో రెండూ ఉన్నాయి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. అది చెప్పడం ఎక్కువ కష్టంగా ఉంది. టీచర్లకు జరిగిన ఒక శిక్షణలో ఆన్‌లైన్ బోధన మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనబడే ఒక పిరమిడ్ బొమ్మ తీసుకెళ్లాను. చదివితే పది శాతం గుర్తుంటుంది, వింటే ఇరవై, చూస్తే ముప్పై, చేస్తే తొంభై అని దాని మీద ఉంటుంది. కింద ఎడ్గర్ డేల్ పేరు ఉంటుంది. బీఎడ్‌లో డేల్ అనుభవ శంకువు మన టీచర్లందరూ చదివిందే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ ఫోన్లతో ఫొటో తీసుకున్నారు. డేల్ ఆ శంకువును 1946లో తన పుస్తకంలో వేశాడు. అందులో ఒక్క శాతం కూడా లేదు. అనుభవాలు ఎంత ప్రత్యక్షమో, ఎంత పరోక్షమో చూపే బొమ్మ అది. అంకెలు తర్వాత వేరేవాళ్లు తగిలించారు. వాటి వెనక ఏ పరిశోధనా లేదు. అన్నీ పదుల్లో గుండ్రంగా ఉన్న అంకెలను చూసి, రోజూ లాబ్‌లో దశాంశ స్థానాలు సరిచూసే కెమిస్ట్రీ మాస్టారికి అనుమానం రావాలి. రాలేదు.

అదే శిక్షణలో, చూసి నేర్చుకునే పిల్లలు, విని నేర్చుకునే పిల్లలు, చేసి నేర్చుకునే పిల్లలు అని మూడు రకాలుంటారని, ఎవరికి తగ్గట్టు వాళ్లకు పాఠం చెప్పాలని కూడా చెప్పాను. ఆ సిద్ధాంతం మీద వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, పిల్లల్ని అలా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. నేను మాట్లాడేనాటికి ఆ సమీక్ష వచ్చి పదేళ్లు దాటింది.

ఇప్పుడు, ఈ దారిలోకి కొత్తగా వచ్చే తోటి టీచర్లకు పనికొచ్చేవి చెబుతాను. ఇవన్నీ ఉచితం.

ముందుగా ఇగ్నో వారి ఈజ్ఞాన్‌కోశ్. దూరవిద్యలో ఎంఏకు ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ మీద ఇగ్నో తయారుచేసిన పాఠాలు అందులో ఉన్నాయి. డబ్బు కట్టిన కోర్సులో నాకు దొరకనివన్నీ అక్కడ ఓపికగా రాసి ఉన్నాయి. రంగుల బొమ్మలు లేవని మొదట దాటేసి పోయాను. ఇప్పుడు ఎవరైనా ఎక్కడ మొదలెట్టాలని అడిగితే దాన్నే చెబుతాను.

రెండోది ఐఐటీ బాంబే అధ్యాపకులు సహనా మూర్తి, సమీర్ సహస్రబుద్ధే ఎన్‌పీటీఈఎల్‌లో ఇచ్చిన ‘డిజైనింగ్ లెర్నర్ సెంట్రిక్ మూక్స్’ కోర్సు. నన్ను అన్నిటికంటే ఎక్కువ మార్చింది ఇదే. వీడియో నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగుతుంది. ఒక ప్రశ్న వేసి, వీడియో ఆపి ఆలోచించి రాసుకోమంటుంది. తర్వాత సాగే మాట మన జవాబును పట్టుకునే మొదలవుతుంది. వీడియో వెంటనే చిన్న అభ్యాసం ఉంటుంది, మన తప్పు ఎక్కడుందో అది చెబుతుంది. ఆ కోర్సు ఏం చెబుతోందో అదే చేసి చూపిస్తోంది. ఒక వనరు మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను వాడే గీటురాయి ఇప్పుడు అదే. బోధన గురించి చెప్పే పేజీ తాను చెప్పే నియమాన్ని తాను పాటిస్తోందా, చదివేవాడి చేత ఏదైనా చేయిస్తోందా, చెప్పినదానికి ఎవరి పరిశోధన ఆధారమో పేరు, సంవత్సరం ఇస్తోందా అని చూస్తాను. పిరమిడ్ బొమ్మ ఈ పరీక్షకు నిలబడేది కాదు.

టోనీ బేట్స్ రాసిన ‘టీచింగ్ ఇన్ ఎ డిజిటల్ ఏజ్’ 2015 నుంచి ఎవరైనా దించుకునేలా ఉచితంగా ఉంది. పెద్ద పుస్తకం, వరుసగా చదవనక్కర్లేదు. ఏ మాధ్యమం వాడాలో ఎంచుకునే అధ్యాయం ఒక్కటి తప్పక చదవండి. ఆయన ప్రశ్నల జాబితాలో మొదటిది విద్యార్థులు ఎవరు, వాళ్ల దగ్గర ఏముంది అనేది. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒకే ఫోన్. అది నాన్నతో పనికి పోయి సాయంత్రం వస్తుంది. రోజు డేటా ఎంతుందో చూసుకుని వీడియో తెరుస్తారు. నా నలభై నిమిషాల వీడియోకు ఒక ఇంటి రోజంతటి డేటాలో ఎక్కువ భాగం పోయి ఉంటుంది.

తెలుగులో దొరికేవాటిలో ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్ ఒకసారి చూడండి. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు నేర్పే చిన్న చిన్న వీడియోలు, తెలుగు గొంతుతో కూడా ఉన్నాయి. పక్కనే అదే సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, వీడియో ఆపుతూ వాళ్లు చేసినది చేసినట్టు చేసుకుంటూ పోవాలి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని కాకపోయినా, ఒక పనిని ఎంత చిన్న ముక్కలుగా విడదీయవచ్చో చూడడానికైనా ఒకటి చేసి చూడండి. టైట్రేషన్ లాంటి ప్రయోగాలకు దేశంలో వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. లాబ్‌కు వచ్చే ముందు రోజు పిల్లల చేత చేయించడానికి మంచివి. అసలు గాజుసామాను చేతపట్టుకోవడానికి మాత్రం అవి బదులు కావు.

ఇవన్నీ చూశాక ఒక సంక్రాంతికి మా అక్క ఇంటికి వెళ్లాను. అక్క పెళ్లయ్యాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ చదివింది. ఆ పుస్తకాలు అటక మీద ఉంటే దింపి చూశాను. 1982లో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టిన సంస్థ అది. దాన్ని నిలబెట్టిన తొలి ఉపకులపతి జి.రామ్‌రెడ్డి ఆ తర్వాత ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. అక్క పుస్తకంలో ప్రతి పాఠం మొదట, ఇది చదివాక నువ్వు ఏం చేయగలవో రాసి ఉంది. రెండు మూడు పేజీలకొకసారి పాఠం ఆగి ప్రశ్న వేస్తుంది, జవాబు రాయడానికి గీతలు వదులుతుంది. జవాబులు పాఠం చివర ఉన్నాయి. ఆ గీతల మీద అక్క పెన్సిల్‌తో రాసింది. కొన్నిచోట్ల కొట్టేసి మళ్లీ రాసింది. “పక్కన మాస్టారు లేరు కదరా తమ్ముడూ, ఆ గీతలే అడిగేవి” అంది. ఐఐటీ వీడియో మధ్యలో ఆగినప్పుడు జరిగేది ఇదే. నేను రెగ్యులర్‌గా యూనివర్సిటీలో చదివినవాణ్ని. దూరవిద్య పుస్తకాలంటే తక్కువ రకమని ఆనాడు ఆమె ముందే అన్నాను. అది తప్పని ఆ రోజు ఆమెకు చెప్పాను.

టైట్రేషన్ పాఠం మళ్లీ చేశాను. ఒక్క వీడియో బదులు చిన్న చిన్న ముక్కలు. సంగీతం లేదు. నిజమైన ఫ్లాస్క్‌ను తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురులో ఫోన్‌తోనే తీశాను. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు చూసి రీడింగు తీయాలి. ఆ ఒక్క సంగతికి వేరే ముక్క పెట్టాను. మూడు ఫ్లాస్కులు పక్కపక్కన పెట్టి, “ఏ ఫ్లాస్క్ దగ్గర ఆపుతారు? వీడియో ఆపి నోట్సులో రాసుకోండి” అని అడిగాను. అందరికీ పంపే ముందు కొందరు పిల్లల్ని పిలిచి, చూపించి, వాళ్లు లాబ్‌లో చేస్తుంటే పక్కన నోరు మెదపకుండా నిలబడ్డాను. ఒక కుర్రాడు చుక్క పడగానే, ఫ్లాస్క్ తిప్పకముందే గులాబీ చూసి ఆపేశాడు. తిప్పాక అర నిమిషం చూడాలన్న ముక్క నా పాఠంలో గట్టిగా లేదని అప్పుడు తెలిసింది. అది చేర్చాను. లావేరు అమ్మాయి రెండు రీడింగులు కలిసేలా తెచ్చింది.

పాత వీడియో ఇంకా కొందరి ఫోన్లలో ఉంది. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయినదాన్ని నేను వెనక్కి తెచ్చుకోలేను. ముదురు గులాబీ రంగు ఫ్లాస్క్‌తో, వెనక సంగీతంతో ఉన్న ఆ టైట్రేషన్ వీడియో మీ దగ్గర ఉంటే దయచేసి చెరిపేయండి. ఆ శిక్షణకు వచ్చిన మాస్టార్లకు, టీచరమ్మలకు కూడా ఇదే నా విన్నపం. నేను చూపించిన శాతాల పిరమిడ్‌ను మీ పిల్లలకు గానీ, మీ కింద శిక్షణ తీసుకునేవాళ్లకు గానీ చూపించకండి. ఇప్పటికే చూపించి ఉంటే, అది తప్పని వాళ్లకు చెప్పండి. డేల్ వేసిన శంకువులో అంకెలు లేవు.